మసాచ్చో గొప్పవాడు కావాలంటే మసోలినో చిన్నవాడు కావాలా?

పాతగోడలు:
ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పాను. ఇటలీ చిత్రకారుడు మసాచ్చో పాఠం వచ్చిన ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాణ్ణి: "పాతకాలపు బొమ్మలు వేసే మసోలినో దగ్గర పని నేర్చుకుని, గురువును మించి, 26 ఏళ్లకే పోయిన కుర్రాడు." పిల్లలు రాసుకునేవారు. అందులో సగం తప్పు. మిగతా సగం కూడా తూకం చెడిన మాట. దాన్ని ఇక్కడ సరిచేద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు సంగతేమిటో చెప్తాను. ఫ్లోరెన్స్‌లో ఆర్నో నదికి దక్షిణాన కార్మినే చర్చి ఉంది. అందులో బ్రాంకాచ్చి కుటుంబం వారి ప్రార్థనా మందిరం ఒకటి. ఫెలీచే బ్రాంకాచ్చి పట్టు వ్యాపారి. 1424 ప్రాంతంలో సెయింట్ పీటర్ జీవితాన్ని ఆ గోడల మీద బొమ్మలుగా వేయించడం మొదలైంది. అప్పుడు పని చేసింది ఇద్దరు. ఇద్దరి అసలు పేరూ తొమ్మాసో. మన ఊళ్లలో ఒకే పేరు ఇద్దరికి ఉంటే పెద్ద రాముడు, చిన్న రాముడు అన్నట్టుగా, ఒకరిని మసోలినో అన్నారు, అంటే బుల్లి తొమ్మాసో. రెండో అతన్ని మసాచ్చో అన్నారు, అంటే మొరటు తొమ్మాసో. విచిత్రం ఏమిటంటే బుల్లి తొమ్మాసోయే వయసులో పెద్ద. ఆయన పుట్టింది సుమారు 1383లో, మసాచ్చో పుట్టింది 1401 డిసెంబరు 21న.

అక్కడి నుంచి చరిత్ర రాసినవాళ్లంతా ఒకే దారి పట్టారు. మసాచ్చో అంటే కొత్త యుగం, మసోలినో అంటే పాత యుగం. మసాచ్చో బొమ్మకు బరువుంది, మసోలినో బొమ్మకు బంగారు అంచు తప్ప ఏమీ లేదు. ఒక గీతను చిన్నది చేయాలంటే దాని పక్కన పెద్ద గీత గీస్తే చాలంటారు. మసోలినోకు ఐదారు వందల ఏళ్లుగా జరుగుతున్నది అదే. ఆయన బొమ్మను ఆయన బొమ్మగా చూసేవాళ్లే లేరు. మనం రాసే తీరు చూడండి: మసాచ్చోను "ఆయన" అంటాం, పద్దెనిమిదేళ్లు పెద్దవాడైన మసోలినోను "అతను" అంటాం. ఈ పోస్టులో నేను కావాలనే తిరగేశాను.

నా వాదన ఇది: బ్రాంకాచ్చి గోడలు ఇద్దరు సమానులు కలిసి చేసిన పని. ఒకరి నుంచి ఒకరిని విడదీసి, ఒకరిని గద్దె మీద, ఒకరిని గుమ్మం బయట కూర్చోబెట్టడం న్యాయం కాదు. కాదనేవాళ్లు చెప్పండి.

వెలుగునీడ:
నమస్కారం మాస్టారూ. నేను కాదంటాను.

ఉద్యోగం మీద మిలన్‌లో ఉంటున్నాను. ఆ మందిరానికి మూడుసార్లు వెళ్లాను. ప్రవేశం దగ్గర ఎడమ స్తంభం మీద, పైన, ఆదాము అవ్వలను స్వర్గం నుంచి గెంటేసిన బొమ్మ ఉంటుంది. అది మసాచ్చోది. దానికి సరిగ్గా ఎదురుగా కుడి స్తంభం మీద అదే ఆదాము అవ్వలు పండు తినబోతున్న బొమ్మ. అది మసోలినోది. రెండింటి మధ్యలో నిలబడి తల ఇటూ అటూ తిప్పితే చాలు, ఏ పుస్తకమూ అక్కర్లేదు.

మసోలినో బొమ్మలో ఇద్దరూ నాజూగ్గా ఉంటారు. చెట్టును చుట్టుకున్న పాముకు ఆడమనిషి తల, బంగారు రంగు జుట్టు. అందంగానే ఉంటుంది. కానీ వాళ్ల పాదాలు నేల మీద ఉన్నాయో లేవో తెలియదు. చీకట్లో అతికించిన బొమ్మల్లా తేలుతుంటారు. తప్పు చేయబోతున్న మనుషుల ముఖాల్లో ఏ కలవరమూ లేదు.

ఇటు తిరిగితే ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకుని నడుస్తున్నాడు. ఏడుపుకు కడుపు లోపలికి పీక్కుపోయింది. అవ్వ తల పైకెత్తింది. నోరు తెరుచుకుంది. కళ్లు రెండు నల్లటి గుంతలు, అంతే. ఆ నోట్లోంచి వచ్చే కేక మనకు వినిపిస్తుంది. మా అమ్మమ్మ చనిపోయిన రోజు మా అమ్మ ముఖం అలాగే ఉంది. మొదటిసారి చూసినప్పుడు అక్కడే నిలబడి ఏడ్చాను. ఆదాము వెనక కాలు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది చూడండి. ఒక్క అడుగు, ఆ తర్వాత లోపలికి రాలేరు.

1424కు ముందు ఇటలీ గోడల మీద దుఃఖం లేదని కాదు. వంద ఏళ్ల ముందు జొత్తో అనే చిత్రకారుడు వేశాడు. కానీ శరీరం మొత్తంతో ఏడ్చే మనిషి, నేల మీద నీడ పడే మనిషి, మందిరం కిటికీలోంచి నిజంగా వచ్చే వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు నుంచే వెలుగు పడే మనిషి, ఇది మసాచ్చోతోనే వచ్చింది. మైకెలాంజెలో కుర్రవాడిగా ఉన్నప్పుడు ఈ మందిరంలో కూర్చుని బొమ్మలు దించుకున్నాడు. మసాచ్చో వేసిన పీటర్‌ను ఆయన దించుకున్న కాగితం ఇప్పటికీ మ్యూనిక్‌లో ఉంది. తోటి కుర్రాడు తొర్రిజానో ఆయన ముక్కు పగలగొట్టింది కూడా అక్కడ బొమ్మలు దించుకుంటున్న రోజుల్లోనే. వాళ్లందరూ ఎవరి కోసం వచ్చారు? సమానులు అనడం మర్యాదగా ఉంటుంది మాస్టారూ, నిజంగా ఉండదు.

చరిత్రపుట:
ఇద్దరి వాదనలకూ ముందు కాగితాలు చూద్దాం. నాకు దస్త్రాలంటే ఇష్టం. బొమ్మ మన మనసును బట్టి మారుతుంది, దస్త్రం మారదు.

మాస్టారు తప్పన్న సగం ఏమిటో నేను చెప్తాను. మసోలినో మసాచ్చోకు గురువు అన్న మాట వసారి రాతల నుంచి వచ్చింది. వసారి తన చిత్రకారుల జీవిత చరిత్రలను 1550లో, సవరించి 1568లో అచ్చు వేయించాడు. అంటే మసాచ్చో చనిపోయిన నూట ఇరవై ఏళ్ల తర్వాత. ఫ్లోరెన్స్‌లో చిత్రకారుడు సొంతంగా పని పట్టాలంటే వైద్యులు, సుగంధ ద్రవ్యాల వ్యాపారుల సంఘంలో పేరు నమోదు చేయించుకోవాలి. రంగులు అమ్మేది ఆ వ్యాపారులే కాబట్టి చిత్రకారులూ అందులోనే ఉండేవారు. మసాచ్చో పేరు 1422 జనవరి 7న నమోదైంది. మసోలినో పేరు 1423 జనవరి 18న. అంటే గురువు అనుకున్నవాడు శిష్యుడి తర్వాత ఏడాదికి సంఘంలో చేరాడు!

ఇంకొకటి. ఫ్లోరెన్స్‌కు కొంత దూరంలో, కాషా ప్రాంతపు సాన్ జోవెనాలే చర్చిలో ఉన్న మూడు పలకల బొమ్మ 1422 ఏప్రిల్ 23 తేదీతో ఉంది. 1961లో దాన్ని మసాచ్చోదని గుర్తించారు. అందులోని మేరీ మాత, బిడ్డలను చూస్తే మసోలినో పోలిక ఒక్కటీ లేదు. మొదటి బొమ్మకే కుర్రాడు తన దారిలో ఉన్నాడు. గురుశిష్యుల కథ అక్కడితో సరి.

మరి వాళ్లు ఏమవుతారు? భాగస్వాములు. 1424 ప్రాంతంలో ఇద్దరూ కలిసి ఒకే పలక మీద మేరీని, బాల యేసును, మేరీ తల్లి సెయింట్ అన్నను వేశారు. అది ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. 1940లో రొబెర్తో లొంగి అనే పండితుడు దాన్ని చేయీ చేయీ విడదీశాడు: మేరీ, బిడ్డ, ఒక దేవదూత మసాచ్చోవి, సెయింట్ అన్న, మిగతా దేవదూతలు మసోలినోవి. పెద్దామె అన్న ఎత్తిన చెయ్యి మసోలినోది, ఆ చేతి కింద కొండలా కూర్చున్న కూతురు మసాచ్చోది.

ఆ తర్వాత 1425 సెప్టెంబరులో మసోలినో హంగరీకి వెళ్లిపోయాడు. అక్కడి రాజు కొలువులో సేనానిగా ఉన్న ఫ్లోరెన్స్ మనిషి పిప్పో స్పానో కోసం. 1427లో గానీ తిరిగి రాలేదు. ఆ మధ్య కాలంలో మసాచ్చో ఒంటరిగా ఉన్నాడు. 1426లో పీసా పట్టణంలో ఒక నోటరీ కోసం 80 ఫ్లోరిన్లకు పెద్ద బలిపీఠం, అంటే బలిపీఠం మీద నిలబెట్టే పలకల బొమ్మ, చేశాడు. 1427లో కతాస్తో అనే కొత్త పన్ను పెట్టినప్పుడు అందరిలాగే లెక్క రాసిచ్చాడు. తల్లి, తమ్ముడితో ఉంటున్నాడు. అప్పులున్నాయి. దగ్గర పనిచేసిన ఆంద్రియా ది జుస్తోకు ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి రోముకు వెళ్లాడు, అక్కడే పోయాడు. ఆ తర్వాతి పన్ను దస్త్రంలో ఎవరో రాసిన మాట: రోములో చనిపోయాడట. "చనిపోయాడు" అని కాదు, "చనిపోయాడట" అని.

కొత్తపాఠకుడు:
అందరికీ నమస్కారం. చదువుతుంటే ఒక సందేహం. ఒకే గోడ మీద ఇద్దరు వేస్తే ఎవరిది ఏదో ఎలా చెప్తారు? సంతకాలు ఉన్నాయా? లేక చూసి ఊహించడమేనా?

సున్నంబట్టీ:
తమ్ముడూ, సంతకాలు లేవు. చాలావరకు చూసి చెప్పడమే. కానీ గోడ కూడా కొంత చెప్తుంది. మా నాన్న, తాతలు సున్నం పని చేసినవాళ్లు. నేనూ గుళ్ల మరమ్మతుల్లో అదే పనిలో ఉన్నాను. ఇటలీ చూడలేదు. సున్నం తెలుసు కాబట్టి ఆ మాట చెప్తాను.

ఫ్రెస్కో అంటే తడి గచ్చు మీద వేసే బొమ్మ. సున్నపురాయిని కాల్చి, నీళ్లలో విరిచి, నెలల తరబడి నానబెట్టిన మెత్తటి సున్నంలో సన్నటి ఇసుక కలిపి గోడకు పూస్తారు. అది తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగుతో వేయాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చి మళ్లీ రాయి అవుతుంది. రంగు ఆ రాయి లోపల చిక్కుకుపోతుంది. అందుకే ఆరు వందల ఏళ్లు ఉంది. ఆరిన తర్వాత పైన పూసిన రంగు ఎన్నాళ్లూ ఉండదు, పొరలుగా రాలిపోతుంది. ముఖ్యంగా రాతి నీలం తడి సున్నంతో పడదు, ఆరాకే వేయాలి. ఈ పాత బొమ్మల్లో ఆకాశాలు ముందుగా పోవడానికి కారణం అదే.

ఇప్పుడు అసలు విషయం. తడి ఆరకముందే వేయాలి కాబట్టి ఒక రోజులో వేయగలిగినంత మేరే పూయాలి. ఆ ఒక్క రోజు ముక్కను ఇటలీ వాళ్లు జొర్నాతా అంటారు. రోజు చివర, బొమ్మ ఎక్కడ ఆగిందో అక్కడ తాపీతో అంచును ఏటవాలుగా కోసేస్తారు. మర్నాడు కొత్త గచ్చును ఆ అంచు మీదికి కొంచెం ఎక్కించి పూస్తారు. గోడకు పక్క నుంచి దీపం పెడితే ఆ అతుకు నీడ కనబడుతుంది. ఏ ముక్క ఏ ముక్క మీదికి ఎక్కిందో చూస్తే ఏది ముందు, ఏది వెనక అన్నది తెలిసిపోతుంది. గోడే పని దినచర్య రాసుకున్నట్టు. ఆ లెక్కన ఆదాము అవ్వల గెంటివేత నాలుగు రోజుల పని. నాలుగే! పెద్దదైన పన్ను నాణెం బొమ్మకు సుమారు ముప్పై రోజులు పట్టింది.

పన్ను నాణెం కథ తెలియనివారి కోసం: గుడి పన్ను అడిగితే యేసు పీటర్‌తో, చెరువుకు వెళ్లి చేపను పట్టు, దాని నోట్లో నాణెం ఉంటుంది, అది కట్టు అంటాడు. మధ్యలో యేసు చుట్టూ శిష్యులు, ఎడమ వైపున వంగి చేప నోరు తెరుస్తున్న పీటర్, కుడి వైపున నాణెం చేతిలో పెడుతున్న పీటర్. ఒకే బొమ్మలో మూడుసార్లు అదే మనిషి.

మాస్టారి వాదనకు బలం ఇక్కడుంది. ఆ బొమ్మలో యేసు తల మసోలినో వేశాడని చాలామంది పండితులు ఒప్పుకున్నారు. బొమ్మలోని గీతలన్నీ వెనక్కి వెళ్లి కలిసే చోటు సరిగ్గా ఆ తలే. మసాచ్చో పేరు మోసిన పనికి నడిబొడ్డున మసోలినో చెయ్యి! ముఖాన్ని విడిగా ఒక ముక్కగా పూయడం మా పనిలో మామూలు విషయమే. ఎందుకంటే ముఖానికి ఎక్కువ సేపు కావాలి. కానీ మిగతా ఒళ్లంతా ఒకరు వేసి, తల ఖాళీగా వదిలి, ఏళ్ల తర్వాత ఇంకొకరు రావడం అనేది పని తెలిసినవాడు చేయడు. పక్క గచ్చు పూర్తిగా ఎండిపోయాక అతుకు అంత చక్కగా కలవదు. ఆ తల ఆయనదే అయితే ఇద్దరూ ఒకే పరంజా మీద, ఆ వారంలోనే ఉన్నారన్న మాట.

వెలుగునీడ:
అన్నయ్యా, చాలా బాగా చెప్పారు. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు నాకు. అయినా ఆ తల సంగతి నన్ను ఒప్పించలేదు.

ఒకటి, ఆ తల మసోలినోదని అందరూ ఒప్పుకోరు. రెండు, ఒప్పుకున్నా అది నా మాటకే బలం. ఆ బొమ్మలో అన్నిటికంటే మెత్తగా, ఏ భావమూ లేకుండా ఉన్నది ఆ ముఖమే. చుట్టూ ఉన్న శిష్యుల ముఖాలు చూడండి. కనుబొమలు ముడివేసిన పీటర్, పక్కన నిలబడ్డవాళ్ల అనుమానం, ఒక్కొక్కరి దుప్పటి మడతల బరువు. రోమన్ శిలల్లా నిలబడ్డారు. మధ్యలో అందమైన, చల్లని తల. చెయ్యి మారిందని మనకు తెలిసేది తేడా ఉండబట్టే కదా? తేడా ఉందంటేనే నా వాదన నిలిచినట్టు.

బాప్తిస్మం బొమ్మ కూడా గుర్తు చేస్తాను. పీటర్ ఒకతని తల మీద నీళ్లు పోస్తున్నాడు. వెనక తన వంతు కోసం చూస్తున్న మనిషి ఒంటి మీద బట్ట లేకుండా, రెండు చేతులూ ఒంటికి చుట్టుకుని చలికి వణుకుతున్నాడు. కార్తీకంలో తెల్లవారుజామున నదిలో మునిగి లేచిన మనిషిని చూసినవాళ్లకు ఆ భుజాలు ఎందుకు అలా పైకి లేచాయో చెప్పక్కర్లేదు. కథకు ఆ మనిషి అవసరం లేదు. మసాచ్చోకు అవసరం. మసోలినో ఎక్కడా అలాంటి మనిషిని వేయలేదు.

పాతగోడలు:
అమ్మా, ఆ వణికే మనిషి గొప్పతనం కాదనను. నా మాట అతన్ని తగ్గించడం గురించి కాదు.

కానీ ఆ బాప్తిస్మం ఎక్కడుందో గమనించారా? బలిపీఠం గోడ మీద, కిటికీకి కుడి పక్కన. దానికి ఆనుకుని కుడి గోడ పై వరుస మసోలినో పని. కిటికీకి ఎడమ పక్కన పీటర్ బోధిస్తున్న బొమ్మ మసోలినోది. దానికి ఆనుకుని ఎడమ గోడ పై వరుస మసాచ్చో పని. అంటే ఒకరి గోడ అంచున ఇంకొకరు. కావాలని అల్లారు. ఎడమ మీ వాడిది, కుడి మావాడిది అని పంచుకుని ఉంటే చూసేవాడికి గది రెండు ముక్కలయ్యేది. వాళ్లు ఆ ప్రమాదం ముందే ఊహించి, పడుగు పేకల్లా కలిపారు. రెండు పొడవాటి గోడల్లోనూ కంటి మట్టం ఒక్కటే. కొండలు ఒక బొమ్మలోంచి పక్క బొమ్మలోకి సాగుతున్నట్టే ఉంటాయి. ఒకరినొకరు గౌరవించుకోని మనుషులు ఇలా చేయగలరా?

ఇంకో మాట. మనం మసోలినోను తూకం వేస్తున్నది సగం పని లేకుండా. మందిరం పైకప్పు, దాని కింది అర్ధచంద్రాకారపు బొమ్మలు ముందుగా వేసినవి. వాటిలో ఎక్కువ పని మసోలినోదే అంటారు. 18వ శతాబ్దంలో పైకప్పు మార్చి కొత్త బొమ్మలు వేయించినప్పుడు అవి పోయాయి. 1771లో చర్చికి నిప్పంటుకుంది. మందిరం మిగిలింది గానీ గోడలు పొగచూరిపోయాయి. కొవ్వొత్తుల మసి, పైన పూసిన పూతలు, అన్నీ కలిసి నల్లబడ్డాయి. రెండు వందల ఏళ్ల పాటు లోకం చూసింది ఆ నల్లటి గోడల్నే. గంభీరమైన మసాచ్చో, చీకటి మసాచ్చో అని మెచ్చుకున్నారు. ఆ చీకటిలో కొంత మసి!

1980లలో శుభ్రం చేశారు. మసి పోయాక బయటపడ్డ మసాచ్చో రంగులు చూస్తే గులాబీ, లేత ఆకుపచ్చ, నారింజ. మసోలినో రంగులకు చుట్టాలే. కుడి గోడ మీద మసోలినో వేసిన బొమ్మలో ఎడమ చివర కుంటివాణ్ణి పీటర్ లేపుతున్నాడు, కుడి చివర చనిపోయిన తబితను బతికిస్తున్నాడు, మధ్యలో ఖరీదైన బట్టలు వేసుకున్న ఇద్దరు కుర్రవాళ్లు ఏమీ పట్టనట్టు నడిచిపోతున్నారు. వెనక ఫ్లోరెన్స్ వీధి: కిటికీలకు ఆరేసిన బట్టలు, గోడ అంచు మీద కోతి. ఆ వీధి ఇంత బాగుంది కాబట్టి మసాచ్చోదే అయ్యుండాలని లొంగి తేల్చాడు. చూశారా తర్కం! మంచి ముక్క కనబడితే మసాచ్చో ఖాతాలో వేయడం. శుభ్రం చేశాక చాలామంది ఆ వీధిని తిరిగి మసోలినోకే ఇచ్చారు.

నాకు ఆ ఇద్దరు కుర్రవాళ్ల మీద చాలా ఇష్టం. రెండు అద్భుతాల మధ్య నుంచి కబుర్లాడుకుంటూ వెళ్లిపోతున్నారు. ఊళ్లో ఏ పెద్ద సంగతి జరిగినా పట్టించుకోకుండా పోయే మనుషులు ఉంటారని మసోలినోకు తెలుసు. అది కూడా లోకాన్ని చూడడమే.

కొత్తపాఠకుడు:
గెంటివేత బొమ్మ వెతికితే కొన్ని పాత ఫోటోల్లో నడుముల దగ్గర ఆకులు ఉన్నాయి. కొన్నింటిలో లేవు. అది కూడా మసి సంగతేనా?

చరిత్రపుట:
కాదు. 1680 ప్రాంతంలో, మూడో కోసిమో పాలనలో ఆ ఆకులు వేయించారు. ఎదురుగా ఉన్న మసోలినో బొమ్మకూ వేయించారు. ఆ విషయంలో మాత్రం ఇద్దరినీ సమానంగానే చూశారు. 1980ల మరమ్మతులో తీసేశారు. మూడు వందల ఏళ్లున్న ఆకులు కూడా చరిత్రే, ఉంచాల్సిందని అన్నవాళ్లున్నారు. నేను తీయడమే మంచిదంటాను. గెంటివేతలో అవ్వ చేతులతో తనను తాను కప్పుకుంటుంది, ఆదాము ముఖం మాత్రమే కప్పుకుంటాడు. సిగ్గు ఒకరికి ఒళ్లంతా, ఇంకొకరికి ముఖంలో. ఆకులు పెడితే ఆ తేడాయే పోతుంది. దానికి వేరే చర్చ పెట్టుకుందాం.

అసలు చర్చకు వస్తే, మాస్టారు చెప్పిన అల్లిక వాదన బలమైనదే. కానీ "సమానులు" అన్న మాట పనిలోనా, ప్రతిభలోనా? ఒప్పందం రీత్యా సమానులు కావచ్చు. ఆ రోజుల్లో పేరూ పలుకుబడీ మసోలినోకే ఎక్కువ ఉండి ఉంటుంది కూడా. హంగరీ నుంచి పిలుపు వచ్చింది ఆయనకే కదా. ప్రతిభ వేరే లెక్క.

వెలుగునీడ:
అదే నేనూ అంటున్నాను. ఆ లెక్క తేలాలంటే ఇద్దరూ విడివిడిగా ఉన్నప్పుడు ఏం చేశారో చూడాలి.

మసాచ్చో ఒంటరిగా: పీసా బలిపీఠం. 18వ శతాబ్దంలో ముక్కలై చెల్లాచెదురైంది. నడిమి పలక లండన్‌లో ఉంది. రాతి సింహాసనం మీద మేరీ, ఆమె చేతిలోని ద్రాక్షపళ్లు తింటూ రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్న పసివాడు. దేవుడి బిడ్డ కాదు, ఆకలేసిన బిడ్డ. సింహాసనం మీద మేరీ నీడ పడుతుంది.

తర్వాత ఫ్లోరెన్స్‌లోనే సాంతా మరియా నోవెల్లా చర్చిలో త్రిత్వం, అంటే తండ్రి దేవుడు, యేసు, పరిశుద్ధాత్మ ఉన్న బొమ్మ. గోడలో నిజంగా తొలిచిన గది ఉందనిపించేలా గుండ్రటి కప్పు, దాని కింద శిలువ, కింద అస్థిపంజరం, దాని పైన రాత: మీరున్నట్టే నేనూ ఒకప్పుడు ఉన్నాను, నేనున్నట్టే మీరూ అవుతారు. దగ్గరికి వెళ్లి చూస్తే గచ్చు మీద దారం నొక్కిన గీతలు కనబడతాయి. మేకు కొట్టి, దారం కట్టి, తడి సున్నం మీద లాగి కప్పు గీతలు గుర్తించుకున్నాడు. ఆ బొమ్మను మెచ్చుకుంటూ రాసిన వసారియే 1570లో దాని ముందు తన బలిపీఠం పెట్టి కప్పేశాడు! 1860 వరకు ఎవరి కంటా పడలేదు. వసారి మసోలినోకు అన్యాయం చేశాడంటున్నారు, మసాచ్చోకు మాత్రం ఏం న్యాయం చేశాడు?

ఇప్పుడు మసోలినో ఒంటరిగా ఏం చేశాడు, చెప్పండి. మసాచ్చో పోయాక పాత నాజూకు దారికే తిరిగి వెళ్లిపోయాడని అంటారు.

సున్నంబట్టీ:
దారం గీతలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మేమూ అదే చేస్తాం. నీలిమందులో ముంచిన దారం లాగి గోడకు కొడతాం.

ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. మా నాన్న పక్కన పనిచేసిన మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నాన్న చేతి పనిలో బలం, ఆయన చేతి పనిలో నునుపు. నాన్న కట్టిన కమానుకు ఆయన గచ్చు మెరుగు పెడితేనే ఇద్దరికీ తృప్తి. ఎవరు గొప్ప అని మేము ఇంట్లో ఎప్పుడూ అడగలేదు. నాన్న పోయాక ఆయన ఒక్కడే చేసిన పని నేను చూశాను. మంచి పనే. ఆ పనిలో నాన్న నేర్పిన ముక్కలు అక్కడక్కడా కనిపించేవి నాకు. మసోలినో గారి ఒంటరి పనిలో అలాంటివి ఉన్నాయా మాస్టారూ? ఉంటే "వెనక్కి వెళ్లిపోయాడు" అన్న మాట నిలవదు.

పాతగోడలు:
ఉన్నాయి. ముందు రోము సంగతి. సాంతా మరియా మజ్జోరె చర్చి బలిపీఠం ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. మసాచ్చో చనిపోయాడు. అతను మొదలుపెట్టి వదిలిన పలకను మసోలినోయే పూర్తి చేశాడని ఫిలడెల్ఫియాలో ఉన్న ముక్కను పరీక్షించినవాళ్లు తేల్చారు. స్నేహితుడి గీతల మీద తన రంగు పూస్తూ ఆ మనిషి ఏమనుకున్నాడో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

తర్వాత లొంబార్దీలో కస్తిల్యోనె ఒలోనా అనే చిన్న ఊరు. 1435లో అక్కడి బాప్తిస్మ మందిరంలో హేరోదు విందు వేశాడు, అంటే బైబిల్లో సలోమే తన నాట్యానికి బహుమానంగా బాప్తిస్మమిచ్చే యోహాను తల అడిగిన విందు. కుడి వైపున పొడవాటి వరండా, స్తంభం తర్వాత స్తంభం, లోపలికి లోపలికి పోతుంది. దాని కింద సలోమే యోహాను తలను తల్లి ఒడిలో పెడుతోంది. ఆ వరండా లోతు ఫ్లోరెన్స్‌లో వాళ్లిద్దరూ కలిసి గీసిన లోతే. మనుషులు మాత్రం మళ్లీ నాజూకైనవాళ్లే. నేర్చుకున్నది మరిచిపోలేదు, తన మనసుకు కావలసినంత తీసుకున్నాడు. వెనక్కి వెళ్లడమంటే నేర్చుకున్నది వదిలేయడం కదా?

వెలుగునీడ గారు ఒప్పుకోకపోవచ్చు. నేనూ ఒక మాట వెనక్కి తీసుకుంటాను. మొదటి పోస్టులో "సమానులు" అని రాశాను. చరిత్రపుట గారు పట్టుకున్నట్టు అది తేలిక మాట. అవ్వ నోరు చూశాక నేను కూడా మసోలినో ఆదాము దగ్గర ఎక్కువసేపు నిలబడలేను, నిజం. కానీ బడిలో చెప్పిన ఆ వాక్యాన్ని మాత్రం ఇలా మారుస్తాను: "మసోలినోతో ఒకే పరంజా మీద పనిచేసి, 26 ఏళ్లకే పోయిన కుర్రాడు."

వెలుగునీడ:
ఆ వాక్యానికి నాకు అభ్యంతరం లేదు మాస్టారూ.

కస్తిల్యోనె ఒలోనా ఇక్కడికి దగ్గరే. ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. మసోలినో ఒక్కడే ఉన్న ఊరికి ఎందుకు వెళ్లాలి అనుకునేదాన్ని. ఆదివారం వెళ్తున్నాను. ఆ వరండా దగ్గర గచ్చు మీద దారం గీతలు ఉన్నాయేమో చూసి సున్నంబట్టీ అన్నయ్యకు చెప్తాను.